ఔసేపు ఎడమ చేతికి సెలవు

కోడలు జెస్సి మామగారు ఔసేపును కట్టేసి ఉల్లిపాయలు ఒలిపిస్తోందని పక్కింటి తంకమణి చేపల బండి దగ్గర చెప్పిందట. బండి నాలుగు మలుపులు తిరిగేసరికి కట్టు నడుముకు ఎక్కింది. పంచాయతీ ఆఫీసు చేరేసరికి ముసలాయన స్తంభానికి వేలాడుతున్నాడు.

నిజానికి కట్టింది ఒక్క ఎడమ చెయ్యే, అదీ దూది సంచిలో పెట్టి. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయినప్పటి నుంచి ఔసేపు అన్ని పనులూ ఎడమ చేత్తోనే కానిచ్చేస్తున్నాడు. అది స్వేచ్ఛగా ఉన్నంత కాలం కుడిది మేలుకోదని, చేతి పనులు మళ్ళీ నేర్పడానికి ఆసుపత్రి నుంచి వచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టు రమ్ల దానికి మూడు వారాలు సెలవిచ్చింది. పన్నెండు రోజులు గడిచాయి. మళ్ళీ ఊరి గ్రంథాలయం అరుగు మీద పేకముక్క విసరాలన్నదే ఔసేపు ఆశ. కుడి చెయ్యి మాత్రం ఉల్లిపాయను కూడా పట్టడం లేదు.

ఆ ఉదయం రమ్ల ఎదుట కూర్చుని పది చిన్న ఉల్లిపాయలు ఒలవాలి. మొదటిదే ముప్పావు గంట దొర్లి బల్ల కిందికి పోయింది. అప్పుడే వార్డు మెంబరు సుగతన్ తంకమణితో సహా పదకొండు మందితో, తాడు కోయడానికి కత్తితో, ఒక ఫోటోగ్రాఫర్‌తో దిగాడు.

"ఏం పిల్లా, ముసలాయన చెయ్యి కట్టి చాకిరీ చేయిస్తావా?" అన్నాడు రమ్లతో.

"చాకిరీ కాదండీ, వైద్యం" అంది రమ్ల.

"ఉల్లిపాయలతోనా? రేపు కొబ్బరి కూడా తురిమిస్తావేమో."

"అది గురువారం నుంచి."

ఔసేపు ఏదో చెప్పబోయాడు. ఆకలితో నోరు తెరిచాడనుకుని తంకమణి ఆవిరికి ఉడికిన బియ్యప్పిండి పుట్టులో అరటిపండు పిసికి ముద్ద పెట్టింది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ పెట్టింది. మెంబరు సంచి ఊడబీకి, విడుదలైన ఎడమ చేతిని రెండు చేతులా పట్టుకుని ఫోటోకు నిలబడ్డాడు.

"ఈ వైద్యం ఇవాళ్టితో బంద్. ఆ పిల్లని పంపించెయ్యండి."

నోటి నిండా పుట్టు. ఎడమ చెయ్యి మెంబరు గుప్పిట్లో. పన్నెండు రోజులుగా మొరాయించిన కుడి చెయ్యి ఒళ్ళోంచి లేచి, మెంబరు పంచెను బొడ్డు దగ్గర ఒడిసి పట్టుకుంది.

"అప్పచ్చన్ చెయ్యి..." అని జెస్సి మామగారి వేళ్ళ కేసి చూపించింది. రమ్ల ఏడుస్తూ నవ్వింది. మెంబరు ఒక అడుగు వెనక్కి వేశాడు. పంచె వెయ్యలేదు. వేసిన అడుగును మర్యాదగా ముందుకు తెచ్చుకున్నాడు. ఫోటోగ్రాఫర్ మాత్రం ఫోటోలు తీయడం ఆపలేదు.

"విడదీయనా?" తంకమణి ముందుకొచ్చింది.

"ఎవరూ ముట్టుకోకండి. ఆయన వేళ్ళు ఆయనే తెరవాలి" అంది రమ్ల.

"చేట్టా, అన్నగారూ, వదలండి" అన్నాడు మెంబరు గొంతు తగ్గించి. "మీ కట్టు నేనే కట్టిస్తా. ఈ అమ్మాయి రోజూ వస్తుంది. పూచీ నాది."

ఔసేపు తీరిగ్గా పుట్టు మింగాడు.

"పట్టుకోవడం ఇవాళే వచ్చింది. వదలడం ఇంకా నేర్పలేదు."