మొక్కజొన్న దాహం

ఆ పొద్దున అల్లుడు పెట్టుకున్న పని ఒక్కటే: చేను చూసొచ్చి, అన్నం తిని, పడుకోవడం. బస్సు కండక్టరైన అతనికి సెలవు దొరకడమే అరుదు. అత్త కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ, "చేను మీద ఓ కన్నేసి ఉంచండి అల్లుడుగారూ. ఈ ఏడు దాన్నే నమ్ముకున్నాం" అంది. ఆవిడచేత ఒక్కసారైనా శభాష్ అనిపించుకోవాలని పెళ్లయినప్పటి నుంచీ అతని కోరిక.

మొన్న పెద్ద వాన పడింది. నిన్నటి నుంచి ఎండ మండిపోతోంది. మోకాలెత్తు మొక్కజొన్న ఆకులు వాల్చేసి ఉంది. పైమట్టి అట్టకట్టి పొడిగా కనిపించింది. పాపం, దాహం అనుకుని మోటారు వేసి సగం చేనుకు నీళ్లు పెట్టాడు. మొక్కలు ఇంకా వాలాయి. చాల్లేదనుకుని మిగతా సగానికి కూడా నీళ్లు వదిలాడు. మధ్యాహ్నానికి చేనంతా అద్దంలా మెరిసింది.

అన్నం క్యారియరు తెచ్చిన భార్య అది చూసి, ఒక మొక్క పీకింది. వేళ్లు నల్లబడి మురుగు వాసన కొట్టాయి.

"దాహం కాదండీ, ఊపిరాడక చస్తోంది."

"వేళ్లకి ఊపిరేంటే? ముక్కుందా?"

"మట్టిలో గాలి ఉండాల్సిన చోటంతా నీళ్లే. రద్దీలో మీ బస్సు కిటికీలన్నీ మూసి చూడండి, తెలుస్తుంది."

అది వెంటనే అర్థమైంది. పల్లం వైపు గట్టు తెంపి నీళ్లు తీసెయ్యాలి. అవతల భార్య పెదనాన్న పొలం. ఆ గట్టు తగాదాతోనే రెండిళ్ల మధ్యా మాటల్లేవు.

"అమ్మ చంపేస్తుందండీ!"

"చేను పోతే మాత్రం బతకనిస్తుందా?" అని అల్లుడు పార అందుకున్నాడు.

నీళ్లు అటు దూకిన కాసేపటికే పెదనాన్న భుజాన పారతో వచ్చాడు. అల్లుడు తన పార వీపు వెనక దాచుకున్నాడు.

"గట్టు తెంపిందెవరు?"

"నేనేనండీ... పొరపాటున..."

"తెంపేవాడివి ఇంత సన్నగానా తెంపేది? పక్కకి జరుగు." ఆయనే గండిని రెండింతలు చేశాడు. "నా మోటారు కాలిపోయింది. వరినారు ముదిరిపోతోంది. నాట్లకి ఆ ఒక్క వాన ఏ మూలకి? మీ అత్తని అడగాలంటే నామోషీ."

సాయంత్రం అత్త వచ్చేసరికి అల్లుడూ పెదనాన్నా గట్టు మీద కూర్చుని క్యారియరు ఖాళీ చేస్తున్నారు.

"నీ అల్లుడు బంగారం అమ్మాయ్! నా నాట్ల కోసం పొద్దుట్నుంచీ మోటారు వేసే ఉంచాడు" అన్నాడు పెదనాన్న.

అత్త చేను వైపు చూసింది, బావగారి వైపు చూసింది. "శభాష్ అల్లుడుగారూ" అంది.

మట్టి ఆరాక కాస్త ఎరువు వేస్తే మొక్కజొన్న తేరుకుంది. మోటారు గది తాళంచెవి మాత్రం అప్పటి నుంచీ అత్త కొంగుకే ఉంది.