లెక్కల మాస్టారికి ఉమ్మడి వైద్యం

లెక్కల మాస్టారి దిగులును మా పాఠశాల ఉపాధ్యాయ బృందం సంపూర్ణంగా నయం చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ప్రస్తుతం ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. అది వేరే సంగతి.

మాస్టారు కొంతకాలంగా సుద్దముక్క పట్టుకుని బోర్డుకేసి చూస్తూ అలాగే నిలబడిపోయేవారు. భార్య డాక్టరుకు చూపించింది. ఆయన దిగులు తగ్గడానికి రోజుకో మాత్ర రాసి, ఓపిక పట్టమన్నాడు. ఓపిక పట్టమనడానికి డాక్టరెందుకని స్టాఫ్ రూం మండిపడింది. ఆ మధ్యాహ్నమే వైద్యం మా చేతుల్లోకి తీసుకున్నాం.

సైన్సు టీచరు చేపనూనె గుళికలు తెచ్చారు. మెదడుకు మహా మంచివట. మాస్టారికి తేన్పులు మొదలై, ముందు బెంచీ పిల్లలంతా వెనక్కి జరిగారు. చదువు చరిత్రలో వెనక బెంచీకి అంత గిరాకీ ఎన్నడూ లేదు. ఎండలో ఊరికే దొరికే విటమినును డ్రిల్లు మాస్టారు సీసాలో కొనుక్కొచ్చి, కిటికీ మూసి ఉన్న గదిలో మింగించారు. వారానికొకటి వేసుకోవలసింది, తొందరగా గుణమివ్వాలని రోజుకొకటి. దాంతో మలబద్ధకం పట్టుకుంది. దానికి డ్రాయింగు టీచరు దగ్గర పొడి ఉండనే ఉంది. ఆ పొడి దెబ్బకు మాస్టారు ఏ పాఠమూ చివరిదాకా చెప్పలేకపోయారు. పిల్లలు మాత్రం చాలా హుషారుగా కనిపించారు.

చివరగా సంగీతం టీచరు ఏదో పూలమొక్క సారమంటూ మాత్రలు తెచ్చారు. మాస్టారి భార్యకే ఎందుకో భయమేసింది.

“డాక్టరుగారికి ఒక మాట చెప్పి వేద్దామండీ,” అంది.

“ఇది మందయితే కదమ్మా చెప్పడానికి! ఆకూ పువ్వూను!”

సీసా మీద ఆకు బొమ్మ ఉంది. ఆకు బొమ్మ ఉన్నదేదీ మందు కాదని మా స్టాఫ్ రూంలో అందరికీ తెలుసు.

కొద్దిరోజులకే మాస్టారికి చేతులు వణకసాగాయి. చొక్కా చెమటతో తడిసిపోయేది. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేవారు. హెడ్మాస్టరు ప్రార్థన సమావేశంలో ఆయన్ని పక్కన నిలబెట్టి ఉపన్యసించారు: “పిల్లలూ, చూడండీ ఉత్సాహం! నిన్నటిదాకా కదలని మనిషి, ఈవేళ నిలవలేకపోతున్నారు!”

చప్పట్లు మోగుతుండగానే మాస్టారు కుప్పకూలారు.

ఆసుపత్రిలో డాక్టరు ఇంకేం మందులు వాడుతున్నారని అడిగాడు. “ఏమీ లేవండీ” అని మంచం చుట్టూ ఉన్న మేమంతా ఏకగ్రీవంగా చెప్పాం. మాస్టారి భార్య సంచీ తీసి, సీసాలన్నీ మంచం మీద బోర్లించింది.

“ఇవి మందులు కావంటున్నారండీ వీళ్లు. నాకు తెలీదు. మా ఆయన బతికితే చాలు,” అని ఏడ్చేసింది.

ఆ పూల సారమూ తను రాసిన మాత్రా ఒంట్లో కలిస్తే ఇలాగే వణుకు పుడుతుందనీ, ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు వచ్చేదనీ డాక్టరు చెప్పాడు. మేం తలలు వంచుకుని విన్నాం. మెట్లు దిగుతుంటే డ్రాయింగు టీచరు నిట్టూర్చారు. “రెండు సీసాలకు ఇంకా మూతైనా తీయలేదు. పారేస్తారేమో, పాపం.”

మర్నాడు సమావేశమై, తప్పంతా డాక్టరు మాత్రదేనని తీర్మానించాం. వార్త ఊరంతా పాకింది. అప్పటినుంచి ఆ పూల సారం ఏ దుకాణంలో దొరుకుతుందని రోజూ ఎవరో ఒకరు వచ్చి అడుగుతూనే ఉన్నారు. మాస్టారికి అసలు దిగులెందుకని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మీరూ అడగలేదు.