ఇసుక మీద కుదిరిన సంబంధం

ఆ ఆదివారం పొద్దున శ్రీరామ్మూర్తి మాస్టారి పథకం చాలా చిన్నది. కాలేజీలో కొత్తగా పెట్టిన మానవశాస్త్రం కోర్సు పిల్లల్ని అప్పికొండ పక్కనున్న జాలరిపల్లెకు తీసుకెళ్లాలి, మనుషుల్ని చదవడమంటే ఏమిటో చూపించాలి, భోజనాల వేళకు గాజువాకలో దిగిపోవాలి. ఊరంతా కంప్యూటర్ కోర్సుల కోసం ఎగబడుతున్న రోజులవి. వారంలోగా ఇంకొక్కరు చేరకపోతే కోర్సు ఎత్తేస్తానని ప్రిన్సిపాలు తెగేసి చెప్పాడు. "అదేం చదువండీ?" అని జీవితమంతా అనిపించుకున్న మాస్టారికి ఈ కోర్సు ప్రాణంతో సమానం. పిల్లలు ఇవాళ చూసింది పదిమందికి చెప్తే ఒక్కరైనా రాకపోతారా అని ఆయన ఆశ.

"రెండే నియమాలు," అన్నాడు బస్సులో. "వాళ్లు కూర్చున్నచోటే కూర్చోవాలి. ఏది పెట్టినా కాదనకుండా పుచ్చుకోవాలి."

పల్లెలో గంగాలమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. భర్త వేటకు వెళ్లాడు. పిల్లల్లో ఒకడైన సాయిశంకర్ ఆమె ముందు ఇసుకలో చతికిలబడ్డాడు. స్టీల్ ప్లాంటు క్వార్టర్లలో పెరిగిన కుర్రాడు.

"మా తాతది గంగవరమేనండీ. మేమూ జాలర్లమే," అన్నాడు.

"అలాగా నాయినా!" గంగాలమ్మ ముఖం విప్పారింది.

ఇక సాయిశంకర్ ప్రశ్నలు మొదలుపెట్టాడు. మీ ఇంటిపేరేమిటి, మీ అమ్మాయి పేరేమిటి, ఎంతవరకు చదివింది, మీలో పెళ్లి ఎవరింట్లో చేస్తారు. పెళ్లిచూపుల్లో అడిగేవీ ఇవేనని మాస్టారి పాఠ్యపుస్తకంలో ఎక్కడా రాసి లేదు. అతని క్లాసు పిల్ల హిమబిందు ఒక్కో జవాబునూ తడి ఇసుక మీద పటంగా గీస్తోంది.

"ఇయ్యేటి బాబూ, ఈ గీతలు?"

"ముక్కోణమంటే మగవాడండీ. సున్నా అంటే ఆడమనిషి. మధ్యలో జంట గీతలు గీస్తే పెళ్లి," అన్నాడు సాయిశంకర్. "ఈ సున్నా మీ అమ్మాయి మహేశ్వరి అనుకోండి. ఈ ముక్కోణం నేననుకోండి." చక్కగా జంట గీతలు గీశాడు.

గంగాలమ్మ దిగ్గున లేచింది. "అన్నా! బేగి రా! పిల్లోడు నోరిప్పి అడిగేసినాడు!"

ఆమె అన్న గురువులు పళ్లెంలో ఆకులూ వక్కలూ అరటిపళ్లూ పట్టుకుని వచ్చాడు. వెనకాల సగం పల్లె వచ్చింది. మాస్టారు తన రెండో నియమం గుర్తు తెచ్చుకుని, రెండు చేతులా అందుకున్నాడు.

"తాంబూలం పుచ్చీసుకున్నారు, ఇంక మాటైపోనాది బావగారూ!" అంటూ గురువులు గట్టిగా వాటేసుకున్నాడు.

"చూశారా, కొత్తవాడితో ఎంత తొందరగా వరస కలుపుకున్నారో! రాసుకోండి," అన్నాడు మాస్టారు ఊపిరాడకపోయినా. పిల్లలు రాసుకున్నారు.

డప్పులు మోగాయి. వంజరం చేపలు కోశారు. ఎవరో ముసలమ్మ "ఆడపడుచువి గదమ్మా," అంటూ హిమబిందు జడలో మల్లెపూలు తురిమింది. మాఘమాసంలో లగ్గం ఎట్టుకుందామని గురువులు అంటూండగా హిమబిందుకు సంగతి బోధపడింది.

"సార్, శంకర్‌కి మీరు సంబంధం ఖాయం చేశారు."

మాస్టారు చేతిలోని పళ్లెం వైపు చూసుకున్నాడు. "తిరిగిచ్చేద్దామా?" అన్నాడు మెల్లగా.

"ఇచ్చేస్తే పిల్లలో ఏదో లోపముందంటారు సార్. మాట పడేది మహేశ్వరి."

ఆ మాటతో మాస్టారికి కోర్సు సంగతే మరుపున పడింది. లోపల ఎక్కడో నిలబడి ఉన్న, తను ముఖమైనా చూడని ఆ పిల్ల గుర్తొచ్చి ఆయన సిగ్గుతో కుంచించుకుపోయాడు. హిమబిందు మాత్రం పటం ముందు మోకాళ్ల మీద కూర్చుని పైనుంచి కిందికి చూసింది. తటాలున తలెత్తింది.

"శంకర్, నీ ఇంటిపేరేంటి?"

"వాసుపల్లి."

"గంగాలమ్మగారి ఆయనదీ వాసుపల్లే. ఇప్పుడే కదా నువ్వే అడిగావు!"

"అవును. అయితే ఏమైంది?"

హిమబిందు జంట గీతలు చెరిపేసి, ముక్కోణాన్నీ సున్నానూ కలుపుతూ పైన ఒక్క గీత గీసింది. "ఒకే ఇంటిపేరు. అన్నాచెల్లెళ్ల వరస. ఈ పెళ్లి జరగదండీ."

డప్పులు ఆగిపోయాయి. గురువులు ఒంగి పటాన్ని పరకాయించి చూశాడు. "వరస సూసుకోకండా తాంబూలం ఎలాగ పుచ్చుకున్నారు మాస్టారూ?"

"మీరైనా అడగలేదేం?"

"మేవేటడుగుతాం? పొద్దుట్నుంచీ అడిగినోళ్లు మీరే గదా! అన్నీ రాసుకుంతన్నారు, వరస సూసుకునే ఉంటారనుకున్నాం!"

ముందు గంగాలమ్మే నవ్వింది. "పోన్లే, అల్లుడు పోతే పోనాడు, కొడుకు దొరికినాడు!" ఆ వెనక పల్లె పల్లెంతా నవ్వింది. మాస్టారు నవ్వలేకపోయాడు. గర్వంగా హిమబిందు వైపే చూస్తూ నిలబడ్డాడు. తన దగ్గర చదువుకున్న పిల్ల, ఇసుక మీద గీసిన గీతతో ఇంకో పిల్ల పరువు నిలబెట్టింది. అదేం చదువని అడిగినవాళ్లందరినీ తెచ్చి అక్కడ నిలబెట్టాలనిపించింది.

అప్పుడు గుమ్మంలోంచి మహేశ్వరి దిగి వచ్చింది. పటం చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఈ సదువు ఏ కాలేజీలో సెప్తారు మాస్టారూ? నాను ఇంటర్ పాసయ్యాను."

మాస్టారు నోరు తెరిచేలోపే గురువులు కల్పించుకున్నాడు. "అన్న ఉన్నాడు గదా తోడు, ఎల్లు. బావగారూ, పళ్లెం మీకాడే ఉంచండి. పిల్లని ఒప్పసెప్పినట్టే."

ఆ ఏడాది ఆ కాలేజీలో తాంబూలం పుచ్చుకుని సీటిచ్చిన కోర్సు అదొక్కటే.