ఒక సీటు, మూడు సాఫ్ట్‌వేర్లు

ఒక ఆఫీసులో ఉన్న నిజం పక్క ఆఫీసుకు తనంతట తాను నడిచి వెళ్లలేదు. దానికి వాహనం కావాలి. ఈ శాస్త్రీయ సత్యాన్ని మా డివిజన్ యంత్రాంగం ఎట్టకేలకు గుర్తించింది. (అంతవరకు ఆ వాహనం అటెండరు వలి సాహెబ్ సైకిలు. ఆయన రిటైరయ్యాడు. సైకిలు కూడా.)

అందుకని సమాచారం పంచుకునే సాఫ్ట్‌వేర్ కొనడానికి కమిటీ వేశారు. బజార్లో రెడీమేడ్‌గా రెండు దొరికాయి. ‘జోరు’ అడగ్గానే సమాచారం ఇస్తుంది, అది నిజమో కాదో పట్టించుకోదు. ‘భద్రం’లో సమాచారం నిక్షేపంగా ఉంటుంది, దాచుకున్న గదికి తప్ప ఎవరికీ ఇవ్వదు. రెండు కంపెనీల వాళ్లూ వచ్చి, ఎదుటివాడి సరుకు ఎంత పనికిమాలినదో ఆధారాలతో నిరూపించారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందని తేలడంతో కమిటీ రెండూ కొనేసింది. సర్వే విభాగానికి జోరు, హాస్టళ్ల విభాగానికి భద్రం. మధ్యలో గోడ.

కోసిగి హంపమ్మకు ఈ పోటీ సంగతి తెలియదు. ఏటా ఊళ్లో పనులు అయిపోగానే ఇంటికి తాళం వేసి, మొగుడితో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతుంది. దీన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. పోయినేడు ఏడో తరగతి కూతురు మహిమనూ వెంట తీసుకుపోయింది. సగం చదువు తోటల్లోనే పోయింది. ఈసారి పిల్లను వలస కూలీల పిల్లల హాస్టల్లో వదలాలని ఆమె పట్టుదల.

హాస్టళ్ల అధికారి బసవరాజ్ మర్యాదస్తుడు. కుర్చీ వేసి మరీ కాదన్నాడు.

“నువ్వు ఊళ్లోనే ఉండావని భద్రం చెప్తాండాదమ్మా. సుగ్గికి పోయినోళ్ల బిడ్డలకే సీటు.”

“రేపు పొద్దున్నే లారీ ఎక్కుతాండాం సార్.”

“అయితే పోయినాక వచ్చి వేలిముద్ర ఎయ్యి. పోయినావని రాసుకుంటాది.”

“పోయినాక ఈడికెట్ల వచ్చేది సార్?”

“శానామంది అదే అడుగుతాండారు” అన్నాడు బసవరాజ్, సానుభూతిగా.

గోడ అవతల జోరు మాత్రం, పోయినేడు ఇంటికి తాళం చూసింది మొదలు, హంపమ్మ కుటుంబం శాశ్వతంగా ఊరు వదిలిపోయిందని చెబుతోంది. ‘రేపు పోతుంది’ అని నింపడానికి రెండింటిలోనూ గడి లేదు. ఇలాంటి తగువులు తీర్చడానికే ‘సంధి’ అనే మూడో సాఫ్ట్‌వేర్ కొని ఉంచారు. బసవరాజ్ దాన్నీ అడిగాడు. రెండు వివరాలూ కలిసేదాకా ఆగమంది. ఆఫీసు ఆగింది. (ఆగడంలో మావాళ్లకు మంచి అనుభవం.)

“సీటు ఖాళీగానే ఉండాది కదా సార్?” అంది హంపమ్మ.

“ఖాళీ ఉండాదని నాకు తెలుసు. సంధికి తెలియాల గదమ్మా.”

పక్క బల్ల దగ్గర కూర్చుని ఇది విన్న నాకు ఒళ్లు మండింది. (ఒళ్లు మండినవారు జోరు ద్వారా గానీ, భద్రం ద్వారా గానీ ఫిర్యాదు పంపవచ్చు. నేను రెండింటి ద్వారా పంపాను. ఒకదాంట్లో నా పేరు మారింది, రెండోదాంట్లో నేనే లేను.)

తెల్లవారగానే కూలీలను తీసుకుపోయే మేస్త్రీ లారీ వచ్చింది. పుస్తకాల సంచి ఇంట్లో పెట్టి తాళం వేశారు. మహిమ తల్లి పక్కన లారీ ఎక్కింది.

వారం తిరిగేసరికి బడి హాజరు చూసి, పిల్ల ఊళ్లో లేదని జోరు చెప్పింది. అదే హాజరు చూసి భద్రం కూడా అదే చెప్పింది. సంధి రెండూ కలిపి చూసి పచ్చగుర్తు పెట్టింది. మూడూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి గనుక బసవరాజ్ ఆఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. దరఖాస్తు కూడా పరిష్కారమైంది: పిల్ల లేదు గనుక సీటు అవసరం లేదు.