సిఫారసు లేని చేప

ఆ ఉదయం డెంటిస్టు గారింట్లో పెద్ద కార్యక్రమమేమీ లేదు. ఆవిడ క్లినిక్‌కి వెళ్లాలి. ఆవిడ భర్తకి సెలవు కనుక ఆయన దుకాణానికి వెళ్లి ఒక చేపను తీసుకురావాలి. అంతే. ఇంతోటి పనికి ఒక కథ కూడానా అని మీరు అడగొచ్చు. ఆయన్ని ఎరగరు కనుక అడుగుతారు.

ఆయన ఒక పెద్ద సంస్థలో బదిలీల ఆఫీసరు. ఆ కుర్చీలో కూర్చుని ఆయన కనిపెట్టిన సత్యం ఒక్కటే. ఏ శాఖాధిపతి అయినా "ఆణిముత్యమండీ, తీసుకోండి" అన్నాడంటే ఆ మనిషిని వదిలించుకోవాలని చూస్తున్నాడు. "అబ్బే, వాడెందుకూ కొరగాడు" అన్నాడంటే వాణ్ణి వదులుకోవడం ఇష్టం లేదు. ఆఫీసులో ఈ సూత్రం ఎప్పుడూ బెడిసికొట్టలేదు. చిక్కల్లా ఆయన దాన్ని సాయంత్రం ఆఫీసులోనే వదిలి రాకపోవడంతో వచ్చింది. ఒకసారి పరుపుల దుకాణంవాడు మెత్తగా ఉంటుందన్న పరుపును కాదని, రాయిలా ఉంటుంది వద్దన్న పరుపును ఏరికోరి తెచ్చాడు. అది నిజంగానే రాయిలా ఉంది.

హాల్లో గోడవారగా ఉన్న ఉప్పునీటి చేపల తొట్టి భార్యది. గోరంత ముక్కలుగా తెచ్చిన పగడాలను ఆవిడ కంటికి రెప్పలా సాకి అరచేయంత చేసింది. వాటి మధ్య తెల్లపట్టీల క్లౌన్‌ఫిష్ జంట ఒకటి కాపురముంటోంది. ఆ జంటకి ఇప్పుడొక పొరుగు కావాలి. వచ్చే చేప వాటితో తగాదా పడకూడదు, పగడాలను కొరకకూడదు, రోగం మోసుకు రాకూడదు. అలాంటి చేప కోసం ఆవిడ నెలల తరబడి కాచుకుంది. తీరా అది దుకాణానికి వచ్చిన రోజున క్లినిక్‌లో ఊపిరి సలపనంత పని.

"ఏవండీ, పొరపాటు చేప ఇంటికొచ్చిందంటే నా పగడాలు మిగలవు. ఇన్నాళ్ల కష్టం మట్టికొట్టుకుపోతుంది. మిమ్మల్ని నమ్మి పంపిస్తున్నా. దుకాణం ఆయన చెప్పింది చెప్పినట్టు వినండి" అంది చెప్పులేసుకుంటూ.

"నేనెప్పుడు వినలేదే?"

ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని, పడగ్గదిలోని పరుపు వైపు ఒకసారి చూసి గుమ్మం దాటింది.

కానీ క్లినిక్‌కి చేరేసరికి ఆవిడ మనసు ఒకచోట నిలవలేదు. దుకాణానికి ఫోన్ చేసింది. "మావారొస్తున్నారు. ఆయనకి ఏం చెప్పినా తలకిందులుగా అర్థం చేసుకుంటారు. అందుకని మంచి చేపను తిట్టండి, పనికిరానివాటిని పొగడండి. సరిగ్గా మంచిదే పట్టుకొస్తారు."

"నాచేత అబద్ధాలు చెప్పిస్తారా మేడమ్?" అన్నాడు దుకాణదారు బెంగగా.

"నిజం చెబితే నా కొంప మునుగుతుంది!"

అదే సమయంలో బస్సులో కూర్చున్న భర్తకి 'నమ్మి పంపిస్తున్నా' అన్న మాట గుండెకి తగిలింది. పాపం, పిచ్చిది, ఎంత నమ్మకంతో అంది! చేప ఏమైనా గుమాస్తానా? ఈ ఒక్కరోజుకి ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్టు తీసుకుందామని గట్టిగా తీర్మానించుకున్నాడు. ఇద్దరూ మంచే తలపెట్టారు. గొడవంతా అక్కడే మొదలైంది.

దుకాణం సన్నగా, పొడుగ్గా, రెండువైపులా అద్దాల తొట్టెలతో, మోటార్ల గుయ్‌మనే చప్పుడుతో ఉంది. మోచేతుల దాకా తడిసిన చొక్కాతో దుకాణదారు ఎదురొచ్చాడు. ఒక తొట్టిలో ముందు సగం ఊదా, వెనక సగం పసుపు రంగులో ఉన్న చేప రాతి సందులోంచి తల బయటపెట్టి, వచ్చిందెవరా అని తేరిపార చూస్తోంది.

"దాని జోలికి పోకండి సార్. ఉత్త సోమరిది. తిండి కూడా సరిగ్గా తినదు" అని, దుకాణదారు ఆ చేప మొహం చూడలేక పక్కకి తిరిగాడు. "ఇదిగో, ఈ పసుపు బటర్‌ఫ్లై చేపను చూడండి. పగడాలంటే దీనికి ప్రాణం!"

"మరి ఆ నీలంది?"

నీలం చేప ఒక మూల అడుగుకి దిగి, మొప్పలు టపటపలాడిస్తూ రొప్పుతోంది. ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు.

"ఎంత చురుగ్గా ఊపిరి తీస్తోందో చూశారా! మిగతావాటికి అంత ఓపికెక్కడిది?"

"ఆ చుక్కలేంటి?"

"అందం సార్."

బదిలీల ఆఫీసరు తృప్తిగా తలూపాడు. "మీ మాట జవదాటను. పసుపుదీ నీలందీ ఇచ్చేయండి."

దుకాణదారు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పొగడ్త చాలలేదు కాబోలు, మోతాదు పెంచుదామనుకున్నాడు. "తొందరపడకండి సార్! ఇంత మంచి చేపలు నా జన్మలో చూడలేదు. వీటిని చూస్తే నాకే కొనుక్కోవాలనిపిస్తుంది!"

"అలాగా! అయితే పసుపువి రెండివ్వండి, తోడుంటుంది."

ఒక్క నిమిషమని చెప్పి దుకాణదారు వెనకగదిలోకి పరిగెత్తి క్లినిక్‌కి ఫోన్ కలిపాడు. నర్సు ఎత్తింది. "మేడమ్ చేతులు పేషెంటు నోట్లో ఉన్నాయండీ. నాకు చెప్పండి."

"మీ సారు నేను చెప్పింది నమ్మేస్తున్నారమ్మా!"

నర్సు లోపలికి తలతిప్పి ఆ మాటే అరిచింది. పన్ను తొలిచే మిషను ఠక్కున ఆగింది. "అయ్యో, ఇన్నేళ్లలో మనుషుల్ని నమ్మడానికి ఈయనకి ఈరోజే దొరికిందా! నిజం చెప్పేయమను, ఉన్న నిజమంతా!"

దుకాణదారు బరువు దిగినట్టు బయటికొచ్చాడు. "సార్, క్షమించండి. ఇందాక చెప్పిందంతా తప్పు. ఆ పసుపుది మీ పగడాలను బతకనివ్వదు. నీలందానికి ఒంట్లో బాగాలేదు, ఆ చుక్కలు జబ్బు. ఊదాదే మీకు సరైంది."

ఆ మాటతో బదిలీల ఆఫీసరు కళ్లు చిన్నవయ్యాయి. ఈ తంతు ఆయనకి కొత్తేమీ కాదు. ఉత్తర్వు మీద సంతకమయ్యాక శాఖాధిపతి రొప్పుతూ వచ్చి, "ఆలోచిస్తే వాడంత మంచివాడు కాదండీ" అనడం ఎన్నిసార్లు చూడలేదు! బస్సులో చేసుకున్న తీర్మానం ఎగిరిపోయింది.

"కొంటాననేదాకా ఆకాశానికెత్తారు. కొంటానన్నాక బురద జల్లుతున్నారు. ఫోన్లో ఎవరికో మాటిచ్చి వచ్చారు, అవునా?"

"అయ్యయ్యో, లేదు సార్!"

"అవి తీసుకోకుండా ఇక్కణ్నుంచి కదలను." ఆయన ఒక ఖాళీ ఉప్పు బకెట్టును బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

"నేను అమ్మను సార్. మేడమ్ పగడాలు నాశనమవుతాయి."

"పగడాలంటే దానికి ప్రాణమన్నారుగా?"

"ప్రాణమే సార్! అదే దాని తిండి మరి!"

ఇద్దరూ పట్టు వదల్లేదు. లోపలికొచ్చిన ఒకావిడ వీళ్లిద్దరి మొహాలూ చూసి అట్నుంచటే వెళ్లిపోయింది. చివరికి దుకాణదారు తల పట్టుకుని ఇంకో బకెట్టు మీద కూలబడ్డాడు. "సార్, పొద్దుట్నుంచి ఏం మాట్లాడానో నాకే తెలియడం లేదు. ఇక నోరెత్తను. వీటికి మేత వేస్తాను. మీరే చూసుకోండి."

చిన్నచిన్న రొయ్య ముక్కలు తీసి మొదట ఊదాదాని తొట్టిలో వేశాడు. అది రాతి సందులోంచి రివ్వున వచ్చి, ముక్క అందుకుని, లోపలికెళ్లి మింగి మళ్లీ వచ్చింది. పక్కనున్న చేపల వాటా జోలికి పోలేదు. నీలందాని ముక్కు మీదే ముక్క పడితే అది కన్నైనా కదపలేదు. ఇక పసుపుదాని తొట్టిలో రొయ్య ముక్కతో పాటు విరిగిపోయిన పగడపు తునక కూడా వేశాడు. అది రొయ్యను పట్టించుకోకుండా తిన్నగా పగడం మీదికి పోయి కొరకసాగింది.

ఆఫీసరు లేచి నిలబడ్డాడు. భార్య రెండు చేతులతో సాకిన పగడాలు కళ్ల ముందు మెదిలాయి. నెమ్మదిగా అడిగాడు. "ఇలా చెయ్యమని వీటికి ఎవరూ చెప్పలేదు కదా?"

"చేపలకి ఎవరు చెబుతారు సార్!"

"ఆ ఊదాది ఇవ్వండి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నీలందాని సంగతేంటి పాపం?" అని కూడా అడిగాడు. వేరే తొట్టిలో పెట్టి మందు వేస్తానని, కోలుకుంటే గానీ అమ్మనని దుకాణదారు చెప్పాడు. ఈసారి ఆ మాటను ఆయన వెంటనే నమ్మాడు.

సాయంత్రం భార్య చెప్పులైనా విప్పకుండా హాల్లోకి పరిగెత్తింది. తొట్టి ముందు ఆగి, ఊపిరి బిగబట్టి వంగి చూసింది. ఊదా చేప అప్పుడే ఒక రాతి సందును సొంతం చేసుకుని గడప దగ్గర కాపలా ఉంది. క్లౌన్‌ఫిష్ జంట కొత్త పొరుగును ఒకసారి చూసిపోయి తమ పనిలో పడింది. పగడాలన్నీ విచ్చుకుని నీటిలో ఊగుతున్నాయి. ఆవిడకి ఆనందం పట్టలేక కళ్లు చెమర్చాయి.

"ఎలా ఎంచారండీ ఇంత చక్కగా?"

"మనుషుల మాట పక్కనపెట్టి, మేత వేయించి చూశాను. ఆ దుకాణం ఆయన మంచివాడే కానీ బొత్తిగా మాట నిలకడ లేదు."

ఆవిడ పొంగుకొచ్చిన నవ్వును దగ్గు కింద మార్చేసి, "భలే ఎంచారు" అంటూ ఆయన భుజం మీద తల ఆనించింది. ఇద్దరూ అలా చాలాసేపు ఆ నీలి వెలుగులో చేపల్ని చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్తూనే వచ్చిన సిఫారసులన్నీ చెత్తబుట్టలో వేసి, బదిలీ కోరినవాళ్లందరినీ క్యాంటీన్‌కి పిలిపించి, ఎవరెలా తింటున్నారో శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు.