ఎర్రబండికి కాస్త చోటు

ఆ బుధవారం పొద్దున ఒకిత షోజి వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప బయటికి తీయని నల్లకోటు తొడుక్కోవాలి. స్టేషను పక్క కొట్లో కొన్న మిఠాయి డబ్బా రెండు చేతులతో పట్టుకోవాలి. పక్కింటి ఇసోబె గారి గుమ్మంలో నడుం వంచి, ఆవిడ ఖాళీ స్థలంలో కాస్త చోటు అడగాలి. భార్య సుమియె చేపల బజారు నుంచి తిరిగొచ్చేలోపు ఇదంతా అయిపోవాలి.

చోటు ఒక కారుకి. షోజి ఒనోమిచి రేవులో బల్లకట్టు నడుపుతాడు. ఈ ఒడ్డున కార్లు ఎక్కించుకుని ఎదుటి దీవిలో దింపుతాడు, అక్కడివి ఎక్కించుకొచ్చి ఇక్కడ దింపుతాడు. మధ్యలో సముద్రం ఎంతని? ఇంజను వేడెక్కేలోపే ఆపేయాలి. ముప్పై ఏళ్ళుగా ఇదే పని, ఎటు వెళ్ళినా వెనక్కి రావడమే. అలాంటివాడి బల్లకట్టు మీదికి పోయిన వారం ఒక ఎర్రబండి ఎక్కింది. రెండే సీట్లు, మడిచిపెట్టుకునే గుడ్డ టాపు, ఆ టాపుకి ఓ మూల అతుకు. దీవిలో ఎవరో ముసలి మాస్టారు ఇక నడపలేనని వదిలేసుకున్న బండి, అమ్మకానికి పోతోంది. షోజి దాన్నే చూస్తూ ఒడ్డు చేరాక కార్లు దిగే తలుపు దించడం మర్చిపోయాడు. వెనక కార్లవాళ్ళు హారన్లు మోగించి మరీ గుర్తు చేయాల్సి వచ్చింది.

ధర అడిగితే ఆశ్చర్యం! షోజి అందుకోగలిగిందే. పాతకార్ల వ్యాపారి కజితాని మాత్రం ఓ మెలిక పెట్టాడు.

"డబ్బు సంగతి తర్వాత ఒకిత గారూ, ముందు చోటు చూపించండి. స్థలం మీది కాకపోతే, సొంతదారు ముద్ర వేసిన కాగితం కావాలి. పోలీసుల తరఫు మనిషి వచ్చి, కొలిచి, సరేనంటేనే బండి మీ పేర ఎక్కుతుంది. శనివారం దాకా ఆపుతాను. ఆ పైన నన్నేమీ అనకండి."

ఇంటి ముందున్న ఒక్క చోటూ వాళ్ళ డబ్బా కారు ఆక్రమించుకుని కూచుంది. పోనీ సుమియెతో చెబుదామా అంటే, షోజి "కారు" అనగానే ఆవిడ "వంటిల్లు" అంటుంది. అనడంలో తప్పు కూడా లేదు. వానొస్తే పొయ్యి మీద నీళ్ళు కారే వంటిల్లు అది, చలికాలంలో గచ్చు మీద కాలు పెడితే ప్రాణం జివ్వుమంటుంది. "ఈసారి చూద్దాం" అని షోజి ఎన్నేళ్ళుగా అంటున్నాడో అతనికే గుర్తులేదు. దాచుకున్న సొమ్ము చూస్తే ఒక్కదానికే సరిపోతుంది. అందుకే ముందు చోటు, తర్వాత మాట అనుకున్నాడు పెద్దమనిషి.

ఇసోబె గారు పిట్టంత మనిషి. డెబ్బై దాటాయి. భర్త ఉన్న రోజుల్లో వాళ్ళది వెనిగర్ వ్యాపారం. ఆయనకి స్టీరింగు పట్టుకుంటే కళ్ళు తిరిగేవి గనక ఎత్తుపల్లాల సందుల్లో పీపాల లారీని ఆవిడే నడిపేది. ఆయన పోయాక లారీ అమ్మేసింది. అది నిలిచిన చోట ఇప్పుడు రెండు నూనె మరకలు తప్ప ఏమీ లేవు.

షోజి వంగాడు. "ఇకమీదట మీకు చాలా ఇబ్బంది కలిగించబోతున్నానండీ."

"అయ్యయ్యో, ఇబ్బందేమిటండీ!"

"మీ ఖాళీ స్థలం... కాస్త..."

"వాడుకోండి బాబూ! ఊరికే పడుంది. దానికి అడగడం కూడానా?"

"దీనిమీద మీ ముద్ర ఒకటి..."

ఆవిడ లోపలికెళ్ళి, సంతకానికి బదులు వేసే తన పేరు ముద్ర తెచ్చింది. కాగితం వైపు చూడనైనా చూడకుండా, మొహం కాస్త పక్కకి తిప్పుకుని మరీ గుద్దింది. పక్కింటాయన తెచ్చిన కాగితం చదివితే, మీ మీద నాకు నమ్మకం లేదని మొహం మీద అన్నట్టే కదా! షోజికి నెత్తిన పాలు పోసినట్టయింది. ఈ వయసులో "స్పోర్ట్స్ కారు" అనే మాట నోటితో అనే గండం గడిచిపోయింది.

గడిచిందనుకున్నాడు, పాపం. నల్లకోటు, మిఠాయి డబ్బా, "ఇబ్బంది కలిగిస్తాను" అనే మాట, ఈ మూడూ ఒక్కసారిగా గుమ్మంలోకి వస్తే ఆ సందులో ఎవరైనా ఒకటే అనుకుంటారు. ఇంట్లో ఏదో పడగొట్టి కట్టబోతున్నారు, దుమ్మూ ధూళీ, చప్పుళ్ళూ ఉంటాయి గనక ముందుగా మన్నించమని అడగడానికి వచ్చారు అని. ఇసోబె గారూ అదే అనుకుంది. ఏం కడుతున్నారని అడగాలని నాలుక దురద పెట్టింది గాని, ఆయన చెప్పనిది తను అడగడం మర్యాద కాదని నోరు నొక్కుకుంది.

మిఠాయి పుచ్చుకున్నాక బదులివ్వాలి. మర్నాడే ఆవిడ బుట్టెడు నిమ్మకాయలు పట్టుకుని సుమియె దగ్గరికొచ్చింది.

"మీవారు మరీ మర్యాదస్తులండీ!"

ఏ విషయంలో మర్యాద? సుమియెకి అంతుపట్టలేదు. ఎందుకని అడిగితే మొగుడు తనకేమీ చెప్పడని సందంతా తెలిసిపోతుంది. "మీ దయండీ" అని నవ్వి ఊరుకుంది. ఎందుకిచ్చారో తెలియకపోయినా బదులివ్వక తప్పదు కాబట్టి మధ్యాహ్నానికే పుట్టింటివాళ్ళు పంపిన, ఉప్పులో ఊరేసిన రేగుపళ్ళ జాడీ పట్టుకెళ్ళి ఇచ్చింది. ఆ జాడీకి బదులు ఇసోబె గారు ఎండు ఆక్టోపస్ ఇచ్చింది, దానికి బదులు సుమియె చేత్తో కుట్టిన దిండు గలేబు ఇచ్చింది. అదిచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి ముసలావిడ ఇక ఆపుకోలేకపోయింది.

"ఇంక మీ వంటింటి బాధ తీరిపోయినట్టేనమ్మా! పని జరిగినన్నాళ్ళూ సామానంతా మా స్థలంలో పెట్టుకోండి. మీవారు ముందే వచ్చి అడిగేశారుగా."

సుమియె ఇంటికొచ్చి వంటింట్లో కూలబడింది. "చూద్దాం, చూద్దాం" అంటూ ఇన్నేళ్ళు గడిపిన మనిషి తనకి తెలియకుండా వంటిల్లు కట్టించబోతున్నాడా! కళ్ళు తుడుచుకుంది. సంతోషపెడదామని దాచిన మాటని తవ్వి బయటికి లాగడం పాపం. నోరు మెదపకూడదని గట్టిగా నిర్ణయించుకుని, ఆయనకిష్టమైన ఆల్చిప్పల వేపుడు మొదలుపెట్టింది.

ఆ రాత్రి భోజనం చూసి షోజికి మతి పోయింది. వేపుడు ఉంది, బీరు ఉంది, పైగా భార్య మొహంలో ఎన్నడూ లేని కళ ఉంది.

"ఇవాళ ఏమిటి విశేషం?"

"విశేషాలు మీ దగ్గరే ఉన్నాయేమో! అబ్బే, నేనేమీ అడగనులెండి. ఇసోబె గారు ఏదో అన్నారు, నేను వినలేదనుకోండి."

షోజి నోట్లో ముద్ద అక్కడే ఆగింది. అడ్డంగా దొరికిపోయానన్నమాట! మరి తిట్లేవి? దొరికిపోయినవాడికి ఆల్చిప్పలు వేయించి పెడతారా ఎవరైనా?

"నీకు... ఇష్టమేనా?"

"ఇష్టమా! ఎన్నేళ్ళనుంచి కలలు కంటున్నానో మీకు తెలీదూ?"

షోజి భార్యని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ముప్పై ఏళ్ళు ఒకే చూరు కింద ఉన్నారు. ఈవిడ మనసులో ఎర్రబండి ఎప్పుడు దూరింది? ఇంకా ఏమేం దాచుకుందో తెలుసుకోవాలని ప్రాణం పీకేసింది.

"కాస్త ఇరుకుగా ఉంటుంది మరి. ఇద్దరికే."

"ఉన్నది ఇద్దరమేగా."

"పైన తెరుచుకుంటుంది కూడా. ఆకాశం కనబడుతుంది."

"ఆకాశమే!" సుమియె నీళ్ళు కారే పైకప్పు వైపు చూసింది. "వాన కారదు కదా?"

"ఒక మూల అతుకుంది గాని, కారదన్నాడు."

కొత్తగా కట్టేదానికి అప్పుడే అతుకెందుకో సుమియెకి బోధపడలేదు. అడిగితే ఆయన సరదా చెడుతుందని బీరు మళ్ళీ నింపింది.

శుక్రవారం పొద్దున షోజి రేవుకి వెళ్ళగానే సందు కదిలింది. ఇసోబె గారు ఎవరి చెవిన వేసిందో గాని, నలుగురూ కలిసి శుభమని ఎర్రబియ్యపు అన్నం, ఇంత పొడుగు ఎర్రచేప తెచ్చారు. తెచ్చినవాళ్ళని నిలబెట్టి పంపకూడదు, అందరూ కూచుని తిన్నారు. తిన్న చేతులు ఖాళీగా ఎలా వెళ్తాయి? తలా ఒక సామాను పట్టుకున్నారు. మధ్యాహ్నానికల్లా ఫ్రిజ్జూ, పొయ్యీ, అలమరలూ, గిన్నెలూ సహా వంటిల్లు మొత్తం ఇసోబె గారి స్థలంలో నీలం పరదా కిందికి చేరింది.

డ్యూటీ దిగి ఈల వేసుకుంటూ వస్తున్న షోజికి సందు మొదట్లోనే ఆ నీలం పరదా కనబడింది. దాని ముందు టేపు పట్టుకుని, టోపీ సర్దుకుంటూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"కారు నిలిపే చోటు ఇదేనాండీ?" అంటున్నాడతను.

"కారా? ఏ కారు?" అంది ఇసోబె గారు.

"ఒకిత షోజి గారిది. రెండు సీట్ల బండి. ఇదిగో, మీ ముద్ర కూడా ఉందిగా."

ఆవిడ మొదటిసారిగా ఆ కాగితం చదివింది. తలకి గుడ్డ కట్టుకుని, చేతిలో గరిటెతో నిలబడ్డ సుమియె మాత్రం చదవక్కర్లేకపోయింది.

"రెండు సీట్లదా," అంది మెల్లగా, తనలో తనే అనుకుంటున్నట్టు. "పైన తెరుచుకుంటుంది. ఒక మూల అతుకుంటుంది."

షోజికి అప్పుడర్థమైంది. పరదా కింద వంటిల్లు, భార్య చేతిలో గరిటె, ఆ రాత్రి ఆల్చిప్పల వేపుడు, ఒక్కొక్కటీ వచ్చి గుండెల్లో గుచ్చుకుంది. సందులో అందరూ చూస్తుండగానే నడుం నేలదాకా వంచాడు. "తప్పయిపోయింది సుమియె" అన్నాడు. తలెత్తడానికి చాలాసేపు ధైర్యం చాల్లేదు.

టేపు మనిషి గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ ఫ్రిజ్జుందండీ. ఫ్రిజ్జున్న చోట కారు నిలబడదు. కుదరదని రాసుకుంటున్నాను." ఇసోబె గారు అలవాటు కొద్దీ నిమ్మకాయలివ్వబోతే, తీసుకోకూడదని వంగి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

సుమియె అరవలేదు, ఏడవలేదు. అదే ఇంకా భయంగా ఉంది షోజికి.

"అందరూ తెచ్చిన చేప తినేశాం," అంది చివరికి. "ఎర్రన్నం కూడా."

అంతకంటే చెప్పాల్సిన పని లేదు. శుభమని సందంతా పెట్టింది తిన్నాక, తిన్నదాన్ని తిరిగివ్వడం కుదరదు. ఇక కట్టి తీరాలి, లేకపోతే ఆ సందులో తలెత్తుకు తిరగలేరు. షోజికి ఎర్రబండి కళ్ళముందు మెదిలింది. కాని ఆ గరిటె పట్టుకున్న చేతిని చూస్తే, బండి పోయిన బాధకంటే సిగ్గే ఎక్కువగా ఉంది.

"వంటిల్లే కడదాం. సోమవారమే వడ్రంగిని పిలుస్తాను."

"ఆకాశం కనబడేటట్టేనా?"

"కనబడేటట్టే," అన్నాడు. చాన్నాళ్ళకి చూద్దాం అనకుండా మాటిచ్చాడు.

ఇంతసేపూ ఇసోబె గారు ఆ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదువుతూనే ఉంది. "ఒకిత గారూ, ఒక్క మాట. దానికి గేర్లు చేత్తో వేసేవేనా?"

"అవునండీ, చేత్తో వేసేవే."

"ఊఁ," అందావిడ, కాగితం మడుస్తూ.

శనివారం షోజి మరో మిఠాయి డబ్బా కొనుక్కుని, మన్నించమని అడగడానికి కజితాని దగ్గరికి వెళ్ళాడు. బండి అక్కడే ఉంది గాని అద్దం మీద ధర చీటీ లేదు.

"ఎవరో పొద్దున్నే ఖాయం చేసుకున్నారండీ," అన్నాడు కజితాని. "ఎవరన్నది చెప్పకూడదు. చోటు మాత్రం వాళ్ళ సొంతమే, ఇంకొకరి ముద్ర అక్కర్లేదు."

షోజి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. అతుకు మీద చెయ్యి వేసి చూశాడు. అదృష్టవంతుడెవరో, దీన్ని ఏ దారుల వెంట తిప్పుతాడో, పక్క సీట్లో ఎవరు కూచుంటారో అని ఇంటికెళ్ళేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

వడ్రంగులు వచ్చారు. పాత వంటిల్లు నేలమట్టమైంది. ఇసోబె గారు ఎందుకో స్థలం ఖాళీ కావాలని నొచ్చుకుంటూ అడిగితే, సామాను షోజి వాళ్ళింటి ముందుగదిలోకి మారింది. షోజి, సుమియె ఫ్రిజ్జుకీ గోడకీ మధ్య పక్కలు పరుచుకుంటున్నారు. అలా ఉండగా ఓ పొద్దున ఎవరో తలుపు తట్టారు.

గుమ్మంలో ఇసోబె గారు. శుభకార్యాల్లో తప్ప కట్టని నల్ల కిమోనో, రెండు చేతుల్లో మిఠాయి డబ్బా.

"ఇకమీదట మీకు చాలా ఇబ్బంది కలిగించబోతున్నానండీ," అంటూ వంగింది.

"అయ్యో, ఇబ్బందేమిటండీ! మీరూ ఇల్లు కడుతున్నారా?"

"ఇల్లెందుకు బాబూ, ఒక్కదాన్ని. చప్పుడు మాత్రం కాస్త ఉంటుంది. పొద్దున్నే తీస్తాను మరి."

షోజి ఆవిడ భుజం మీదుగా చూశాడు. ఆ రెండు నూనె మరకల మీద, గుడ్డ టాపు మడుచుకుని, ఎర్రబండి నిలబడి ఉంది.

"ముద్ర వేసేముందు చదవాల్సింది," అంది ఇసోబె గారు, ఎంతో నొచ్చుకుంటూ. "చదివుంటే ఇంకా ముందే కొనేదాన్ని. లారీ పోయినప్పటినుంచి ఈ చెయ్యి ఊరికే ఉంటేనా! సుమియె గారూ, దీవిలో ఆల్చిప్పలు బాగుంటాయటగా, వస్తారా? మీకెలాగూ వంటిల్లు లేదు."

సుమియె అప్పటికే తలకి గుడ్డ కట్టుకుంటోంది. "ఏమండీ, వడ్రంగులకి పదకొండింటికి టీ ఇవ్వండి," అంది.

"నేనూ..." అన్నాడు షోజి.

"రెండే సీట్లు కదండీ," అంది సుమియె. "మీరే చెప్పారుగా. అయినా మధ్యాహ్నం మీకు డ్యూటీ ఉంది. మీ బల్లకట్టు మీదే వస్తాంలెండి."

అన్నట్టే, ఊరంతా ఓ చుట్టు తిరిగొచ్చి మధ్యాహ్నం ఎర్రబండి అందరికంటే ముందు ఎక్కింది. షోజి దాన్ని భద్రంగా దీవి చేర్చి, ఈసారి మర్చిపోకుండా తలుపు దించాడు. ఇసోబె గారు గేరు మార్చిన తీరుకి వెనక కార్లవాళ్ళు తలలు బయటపెట్టి చూశారు. ఇద్దరు ఆడవాళ్ళూ చేతులూపుకుంటూ, సముద్రం పక్క రోడ్డెక్కి మలుపు తిరిగారు.

ఖాళీ బల్లకట్టుని వెనక్కి తిప్పుతుంటే షోజికి గుర్తొచ్చింది, ఆ మిఠాయి డబ్బాకి బదులు తనింకా ఏదో ఒకటి ఇవ్వాలని.