లాకర్లో నూకరాజు ప్రాణం

మేడిశెట్టి నూకరాజు ఇరవయ్యేళ్ళ ఇంటి లోను కోసం తన ప్రాణాన్ని బ్యాంకులో పెట్టి, రసీదు మడిచి జేబులో వేసుకుని బయటికొచ్చేసరికి ఇంకా పదకొండున్నరే అయింది. ఎదుటి హోటల్లో పెసరట్లు అవుతున్నాయి. ఒకటి తిన్నాడు. బాగానే ఉన్నట్టుంది గానీ, ఎవరో తింటుంటే పక్కన కూర్చుని చూసినట్టుంది. మొదట్లో అలాగే ఉంటుందని బ్యాంకు మేనేజరు ముందే చెప్పాడు.

పూర్వం ఇల్లు కొనుక్కునేవాళ్ళు లోనుతో పాటు జీవిత బీమా చేయించుకునేవారు, మనిషి పోతే బాకీ బీమావాళ్ళు కడతారని. తీరా మనిషి పోయాక ఆ కాగితం లేదు, ఈ సంతకం కలవలేదు అంటుంటే ఇంట్లో మిగిలినవాళ్ళు తిరిగి తిరిగి సగం పోయేవారు. ఈ తతంగమంతా ఎందుకని పెద్దలు కూర్చుని ఆలోచించారు. ప్రాణం ఒంట్లో ఉంటే కదా పోయేది, ఇనప్పెట్టెలో ఉంటే ఎక్కడికి పోతుంది? అప్పట్నుంచీ ప్రాణాన్నే తెచ్చి పెట్టమంటున్నారు. పద్ధతి మంచిదనే చెప్పుకోవాలి. లోను తీరకుండా పోయినవాడు ఆ జిల్లాలో ఇంతవరకు ఒక్కడూ లేడు.

నూకరాజు అడగాల్సింది అడిగాడు.

"ఇది తప్పనిసరాండి?"

"అబ్బే, తప్పనిసరేం కాదండి. మీ ఇష్టమండి," అన్నాడు మేనేజరు.

"పెట్టకపోతేనో?"

"లోను రాదండి. బలవంతమైతే ఏం లేదండి."

బలవంతం లేదన్నాక ఇంకేముంది. నూకరాజు స్టీలు డబ్బాలోకి నెమ్మదిగా ఊపిరి వదిలాడు. నిద్రలో దుప్పటి జారినట్టు ప్రాణం జారి డబ్బాలో పడింది. తాటిముంజంత ఉంది. వెలుగులో పెడితే లోపల కొంచెం నీలంగా నీళ్ళు కదిలాయి. బ్యాంకులో తాకట్టు నగలకు నాణ్యం చూసే కామాచారి దాన్ని భూతద్దంలో అటూ ఇటూ తిప్పి చూశాడు. సరుకు మంచిదే గానీ నవ్వు బాగా కలిసిందనీ, ఆ మేరకు తరుగు రాయక తప్పదనీ చెప్పి రాసేశాడు.

నవ్వు కలవకేం? నూకరాజు రావులపాలెం నుంచి కాకినాడ వెళ్ళే బస్సులో కండక్టరు. "వెనక్కి జరగండమ్మా, బస్సు వెనక భాగం కూడా కాకినాడే వెళ్తుంది" అని అతను అనడం వినడానికి ముందొచ్చిన బస్సు వదిలేసుకున్నవాళ్ళున్నారు. ఇప్పుడు టిక్కెట్టు కొట్టి, చిల్లర రూపాయితో సహా చేతిలో పెట్టి, ముందుకెళ్ళిపోతున్నాడు. మూడో నెల తిరక్కుండానే డిపోవాళ్ళు ఉత్తమ కండక్టరని శాలువా కప్పారు. శాలువా భుజం మీంచి జారితే తీసి మళ్ళీ వేసుకున్నాడు. ఆ వేసుకోవడం కూడా ఎంత క్రమశిక్షణగా ఉందో చూడమని డిపో మేనేజరు మిగతావాళ్ళకు చూపించాడు.

ఆర్నెల్లకు ఫ్లాటు తయారైంది. మూడో అంతస్తు, రెండు పడగ్గదులు. నూకరాజు భార్య మంగతాయారు పందొమ్మిదేళ్ళ కాపురంలో పదకొండు అద్దె ఇళ్ళు మారింది. అందుకని గృహప్రవేశం శాస్త్రప్రకారం జరిగి తీరాలని పట్టుపట్టింది. అన్నీ జరిగాయి. పాలు మాత్రం పొంగలేదు. గిన్నె అంచుదాకా వచ్చి, మీగడ కప్పుకుని పడుకున్నాయి. పురోహితుడు మంట పెంచాడు. పాలు ఇంకిపోయాయి గానీ లేవలేదు.

పసుపుందా, కుంకుముందా అని అడిగినంత మామూలుగా అడిగాడాయన. "యజమాని ప్రాణంతో ఉన్నారాండి?"

రసీదు చూపించారు. ఆయన పెదవి విరిచాడు. తమ ఇళ్ళలో కూడా పొంగలేదనీ, గిన్నె కాస్త వంచేస్తే సరిపోతుందనీ చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ళు సలహా ఇచ్చారు. ఇరవై ఫ్లాట్లలోనూ అలాగే కానిచ్చారట. మంగతాయారు ఒప్పుకోలేదు. దొంగపాలతో సొంతింట్లో అడుగుపెట్టనని గుమ్మం బయట కుర్చీ వేసుకు కూర్చుంది.

దానికీ బ్యాంకులో ఒక ఫారం ఉంది, శుభకార్యాలకు ప్రాణం తాత్కాలికంగా ఇప్పించమని. మూడు ఫొటోలు, శుభలేఖ, పురోహితుడి సంతకం జతచేస్తే, వచ్చే గురువారం తొమ్మిది నలభై నుంచి పదకొండు దాకా విడుదల చేశారు. కామాచారి డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాడు. లోను తీరిపోయినాయన ఒకడు మొన్న వచ్చి, తన ప్రాణం వేసుకుని చూసుకుని, వదులైపోయిందని మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళాడని దారిలో ఆటోవాడికి చెప్పాడు.

మూత తీయగానే నూకరాజు గట్టిగా ఊపిరి పీల్చాడు. ముందు గోడల రంగు వాసన ముక్కుకు తగిలింది. తర్వాత కాకి అరుపు, చొక్కా కాలరు గరుకు, అరికాళ్ళ కింద గచ్చు చల్లదనం, ఒక్కొక్కటీ వరసలో వచ్చి ఎక్కాయి. అప్పటికే పాలు లేచాయి. నాలుగు వైపులా పొంగి, పొయ్యి ఆర్పేసి, గట్టు మీంచి పురోహితుడి పంచె మీదికి దిగాయి. నూకరాజు నవ్వాడు. "వెనక్కి జరగండి పంతులుగారూ, పాలు కూడా కాకినాడే వెళ్తున్నాయి" అన్నాడు. పురోహితుడు నవ్వాడు. మంగతాయారు కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. వాకిట్లో నిలబడ్డ ఫ్లాట్లవాళ్ళు మాత్రం, వేరే ఊరి భాషేదో వింటున్నట్టు చూశారు.

పదకొండుకు పది నిమిషాలుందనగా కామాచారి మూత తీసి డబ్బా ముందుకు జరిపాడు.

"ఇది నేనివ్వను మంగా," అన్నాడు నూకరాజు.

కామాచారి ఏమీ అనుకోలేదు. ఇవ్వకపోయినా పర్వాలేదనీ, అప్పుడు తాళాలు తనకిచ్చేస్తే సరిపోతుందనీ, రెండింటికీ ఒకటే రిజిస్టరనీ చెప్పాడు.

మంగతాయారు హాల్లోకి వెళ్ళి, గోడకున్న కేలండరు తీసి చుట్టింది. దాని వెనకాల మేకు ఉంది. పదకొండు ఇళ్ళలోనూ ఇల్లుగలవాళ్ళు గోడకు మేకు కొట్టనివ్వలేదు. పందొమ్మిదేళ్ళూ కేలండరు మంచం కింద పెట్టుకుని, తిథి చూడాల్సి వచ్చినప్పుడల్లా వంగి తీసింది. ఈ మేకు ఇందాక పాలు పొంగగానే తన చేత్తో కొట్టుకుంది. కొంచెం వంకరగా దిగింది. ఇప్పుడు అట్లకాడ మొన దాని కింద పెట్టి ఊడదీయబోతోంది. గోడ రంగు పెచ్చు లేస్తుందేమోనని చాలా జాగ్రత్తగా, అద్దె ఇంట్లో తీసినట్టే తీస్తోంది.

నూకరాజు కాసేపు ఆ చేతులకేసి చూశాడు.

"ఉండనియ్యవే," అన్నాడు.

వెనక్కి తిరిగి డబ్బాలోకి ఊపిరి వదిలాడు. కామాచారి టైము చూసుకున్నాడు. పదకొండుకు ఇంకా రెండు నిమిషాలుంది. ముందుగా ఇచ్చినందుకు రిజిస్టరులో మంచి మాట ఒకటి రాస్తానన్నాడు. మంగతాయారు కేలండరు మళ్ళీ తగిలించి, అది తిన్నగా ఉందో లేదో చెప్పమని భర్తను అడిగింది. తిన్నగానే ఉందని నూకరాజు చెప్పాడు.

సాయంత్రం నాలుగింటికి అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ పుస్తకం పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పొద్దున మీ ఫ్లాట్లోంచి నవ్వు వినబడిందని కంప్లయింటొచ్చిందండి. లోనున్నవాళ్ళు నవ్వరు కదండి, అద్దెకేమైనా ఇచ్చారాండి? ఇస్తే ముందుగా రాసివ్వాలండి."

"లేదండి. చుట్టాలొచ్చారండి. వెళ్ళిపోయారు."

సెక్రటరీ అది రాసుకున్నాడు.

"మళ్ళీ వస్తారాండి?"

"పందొమ్మిదిన్నరేళ్ళ దాకా రారండి," అన్నాడు నూకరాజు.